మాత్రలో దాగిన మహనీయుడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మిత్రులారా! అంబేద్కర్ గారి పేరు, ఫూలే దంపతుల పేర్లు మన వసతి గృహం గోడల మీదనే కాదు, మన మనసుల్లోనూ ఉన్నాయి. ఈ వార్షికోత్సవ సంచికలో మాత్రం, మనమంతా మేలు పొందుతూ పేరు మరచిపోయిన ఒక తెలుగు శాస్త్రవేత్త జీవితాన్ని మీ ముందు పెట్టాలని అనుకున్నాం.

మన హాస్టల్ పిల్లలకు ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర మనకు తెలుసు. మన ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి పంచిన బోదకాలు మాత్ర తెలుసు. ఇన్ఫెక్షన్లకు డాక్టర్లు రాసే డాక్సీసైక్లిన్ తెలుసు. క్యాన్సర్ ఆసుపత్రిలో వాడే మెథోట్రెక్సేట్ అనే మందు పేరు మనలో కొందరు విని ఉంటారు. ఈ నాలుగింటి వెనుకా భీమవరంలో పుట్టిన ఒక మనిషి పరిశోధన ఉంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన కన్నుమూసి డెబ్బై ఐదేళ్ళు దాటింది. కానీ ఆయన పని ఇంకా మన రక్తంలో తిరుగుతూనే ఉంది.

రెండుసార్లు తప్పిన విద్యార్థి

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. జబ్బు చేసి ఉద్యోగం ముందే మానుకోవలసి వచ్చింది. సంసారం బరువంతా తల్లి వెంకమ్మ గారి మీద పడింది. పిల్లవాడికి చదువు మీద పెద్దగా ధ్యాస లేదు. పదమూడేళ్ళ వయసులో ఇంట్లోంచి పారిపోయాడు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని అతని ఆలోచన. దారిలోనే పట్టుకుని ఇంటికి తెచ్చారు.

ఆ తల్లి ఊరుకోలేదు. చదివి తీరాలని పట్టుబట్టింది. రాజమండ్రిలో చదివిన పిల్లవాడు మెట్రిక్యులేషన్ ఒకసారి తప్పాడు, రెండోసారి కూడా తప్పాడు. ఈ మధ్యలోనే తండ్రి పోయారు. తల్లి నగలు అమ్మి కొడుకును మద్రాసు పంపింది. అక్కడి హిందూ హైస్కూలులో మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు.

పదో తరగతి తప్పగానే పుస్తకాల సంచి మూలకు పెట్టి సాంచెల మీద పనికి పోయిన మిత్రులు మనలో ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. అది వాళ్ళ తప్పు కాదు, ఇంటి అవసరం అలాంటిది. కానీ ఒక పరీక్ష తప్పడం అంటే తెలివి లేదని కాదు. దీనికి సుబ్బారావు గారి కంటే పెద్ద సాక్ష్యం మాకు దొరకలేదు.

ఖద్దరు గౌను

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ అయ్యాక ఆయన మనసు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మిషన్‌లో చేరతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. సేవ చేయాలంటే వైద్యం చదివి చేయవచ్చునన్న ఆలోచనతో 1915లో మద్రాసు మెడికల్ కళాశాలలో చేరారు. చదువు ఖర్చుకు స్నేహితులు ఆదుకున్నారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆదుకున్నారు. ఆయన కుమార్తె శేషగిరి గారితోనే 1919లో సుబ్బారావు గారి వివాహం జరిగింది.

అవి గాంధీ గారి పిలుపు దేశమంతా మారుమోగుతున్న రోజులు. విదేశీ బట్ట మానేయాలన్నారు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌను వేసుకునే వెళ్ళారు. శస్త్రచికిత్స చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరికి సుబ్బారావు గారికి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. నేతన్నల గడ్డ మీద ఉన్న మనకు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుండాలి. చేనేత బట్ట కోసం ఒక వైద్య విద్యార్థి తన డిగ్రీనే పోగొట్టుకున్నాడు.

ఆ పట్టాతో మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా చేరారు. ఆయన పాఠం చెప్పడం మొదలైంది అక్కడే. పాఠం చెబుతూనే ఆయుర్వేద మందులు ఎలా పనిచేస్తాయన్న ప్రశ్న పట్టుకున్నారు. బోధన ఒక చేత్తో, పరిశోధన ఒక చేత్తో నడవాలన్న పట్టుదల ఆనాటి నుంచే ఆయనకు ఉంది.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి, మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. అప్పటికి దానికి సరైన మందు లేదు. ఆ మందు కోసం వెతుకులాట ఆయన జీవితాంతం సాగింది.

ఒకరి సొమ్ముతో ఒకరి చదువు

అమెరికా వెళ్ళి ఉష్ణమండల వ్యాధుల వైద్యం చదవాలని నిశ్చయించుకున్నారు. డబ్బు ఎక్కడిది? కొంత మామగారు ఇచ్చారు. మరికొంత సాయం కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేస్తానంది. సత్యలింగ నాయకర్ గారు రంగూన్ వెళ్ళి కష్టపడి సంపాదించిన ఆస్తిని ధర్మకార్యాలకు రాసిచ్చిన దాత. ఎవరి చెమటో, ఎవరి చదువుకో పెట్టుబడి అయింది.

మన సంగతీ అదే కదా. మన మెస్ ఛార్జీలు, మన స్కాలర్‌షిప్పులు, మనం పడుకునే ఈ గది, ఇవన్నీ జనం కట్టిన పన్నుల సొమ్ము. అంబేద్కర్ గారు 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళింది కూడా బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతోనే. సాయం తీసుకుని చదవడం చిన్నతనం కాదు. తీసుకున్నదాన్ని లోకానికి ఎలా తిరిగి ఇచ్చామన్నదే లెక్క.

1920వ దశకం మొదట్లో సుబ్బారావు గారు బోస్టన్ నగరంలో దిగి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. అప్పుడు ఇంటి దగ్గర భార్య గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు. ఆయన మళ్ళీ ఇండియాకు రాలేదు. శేషగిరి అమ్మ గారు జీవితమంతా ఆ ఎడబాటు మోశారు. మహనీయుల కథల్లో ఇలాంటి స్త్రీల మాట ఒక వాక్యంలో దాటిపోతుంది. కానీ ఈ మందుల ఖరీదులో ఆమె కట్టిన వంతు కూడా ఉందని మేము నమ్ముతున్నాం.

ఆయన దగ్గరున్న వైద్య పట్టాతో అక్కడ డాక్టరుగా పనిచేయడానికి వీలు లేకపోయింది. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం ఆ పనిలో భాగం. ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. మన సమాజం ఆ పనిని కొందరి నెత్తిన పుట్టుకతోనే పెట్టింది. సుబ్బారావు గారు కొన్నాళ్ళు చేసి బయటపడ్డారు. మన తాతలకు ఆ బయటపడే తలుపు తెరిచి లేదు. ఈ తేడా మరచిపోకుండానే ఆయన్ని గౌరవిద్దాం. ఆయన మాత్రం ఆ పనిని నామోషీగా చూడలేదు. రాత్రి పాత్రలు కడిగిన చేతులతోనే పగలు ప్రయోగశాలలో పరీక్ష నాళికలు పట్టుకున్నారు.

హార్వర్డ్‌లో సాధించింది

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందాక జీవరసాయన శాస్త్రంలో సైరస్ ఫిస్క్ గారి ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని, రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టడం. 1925లో ఇద్దరూ కలిసి ఆ పద్ధతిని ప్రకటించారు. ద్రవానికి కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎక్కువుంటే నీలం చిక్కగా, తక్కువుంటే పలుచగా ఉంటుంది. రంగు చిక్కదనాన్ని బట్టి లెక్క కట్టవచ్చు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరుతో జీవరసాయన శాస్త్ర విద్యార్థులు దీనిని ఇప్పటికీ నేర్చుకుంటారు.

కొలిచే పనిముట్టు చేతికి రాగానే కొత్త సంగతులు బయటపడ్డాయి. కండరం ఎలా పనిచేస్తుంది? పరుగెత్తడానికి, బరువెత్తడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? కండరాల మీద పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందిన హిల్, మేయర్‌హాఫ్‌ల సిద్ధాంతం ప్రకారం కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే కారణం. 1927లో ఫిస్క్, సుబ్బారావులు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని చూపించారు. 1929లో ఏ.టి.పి. అనే మరో పదార్థాన్ని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దీనిని కనుగొన్నారు. పాత సిద్ధాంతం పక్కకు పోయింది.

ఏ.టి.పి. అంటే ఏమిటో మన భాషలో చెప్పుకుందాం. మనం తిన్న అన్నం పెద్ద నోటు లాంటిది. కణం ఆ నోటును నేరుగా ఖర్చు పెట్టలేదు. చిల్లరగా మార్చుకోవాలి. ఏ.టి.పి.యే ఆ చిల్లర. చిల్లర అయిపోయినప్పుడు వెంటనే సర్దే జేబు ఫాస్ఫోక్రియాటిన్. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ మూడక్షరాలను పేజీ పేజీకీ చదువుతారు. వాటి వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడన్న మాట పాఠంలో చాలాసార్లు ఉండదు.

1930లో హార్వర్డ్ ఆయనకు పి.హెచ్.డి. ఇచ్చింది. కానీ స్థిరమైన అధ్యాపక పదవి ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి కింది మెట్టు ఉద్యోగంలోనే ఉంచింది. అదే ప్రయోగశాలలో చదువుకుని, తర్వాత 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ గారు ఒక సంగతి చెప్పారు. సుబ్బారావు గారు వేరు చేసిన కొన్ని పదార్థాలు ఆ రోజుల్లో వెలుగు చూడలేదని, వాటిని ఇతరులు ఏళ్ళ తర్వాత మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని దాని సారాంశం. అంబేద్కర్ గారు బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ప్రొఫెసరుగా ఉన్నప్పుడు తోటి అధ్యాపకులు నీళ్ళకుండ దగ్గర అడ్డు చెప్పారు. కారణాలు వేరు, దేశాలు వేరు. పాండిత్యం ఒకటి, పదవి ఒకటి అన్న పాఠం మాత్రం రెండు చోట్లా ఒకటే.

మందుల పంట

1940లో సుబ్బారావు గారు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల పరిశోధనాలయంలో చేరారు. తర్వాత అక్కడి పరిశోధనకంతటికీ డైరెక్టర్ అయ్యారు. ఆయన గొప్పతనం అక్కడే పూర్తిగా బయటపడింది. రసాయన శాస్త్రం వాళ్ళను, వైద్యులను, సూక్ష్మజీవుల మీద పనిచేసే వాళ్ళను, వృక్షశాస్త్రజ్ఞులను ఒకే చూరు కింద నడిపించారు. ఎవరి శాస్త్రం వారిది అన్న గోడలు ఆయన దగ్గర లేవు.

మొదటిది ఫోలిక్ యాసిడ్. దాని కథ బొంబాయిలో మొదలవుతుంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశోధించారు. ఈస్టు సారం తినిపిస్తే వాళ్ళకు నయమవుతోందని గమనించారు. అందులో ఏముందో అప్పటికి తెలియదు. 1945లో సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆయన సోదరులను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు కూడా ఇదే మందయింది. గర్భం దాల్చక ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వాడితే బిడ్డకు వెన్నుపాములో వచ్చే లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో రుజువైంది. పొద్దంతా బీడీలు చుట్టి, ఒంట్లో రక్తం లేక కళ్ళు తిరిగే తల్లులు ఉన్న మన ప్రాంతంలో ఈ మాత్ర విలువ వేరే చెప్పాలా? చేదుగా ఉందని, వాంతి వస్తుందని కిటికీలోంచి పారేసే మిత్రులకు ఈ కథ ఒకసారి వినిపించండి.

రెండోది క్యాన్సర్ మందు. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అదుపు లేకుండా చీలే క్యాన్సర్ కణానికి అది మరింత కావాలి. అయితే, చూడడానికి ఫోలిక్ యాసిడ్ లాగే ఉండి పనికిరాని పదార్థాన్ని ఇస్తే? నాడెలో నూలు కండె బదులు అదే సైజు ఉత్త పుల్ల పెట్టినట్టు. నాడె ఆడుతుంది, బట్ట మాత్రం పడదు. సుబ్బారావు గారి బృందం అలాంటి పదార్థాలు తయారుచేసి బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో పనిచేసే సిడ్నీ ఫార్బర్‌కు పంపింది. రక్త క్యాన్సర్‌తో చావుకు దగ్గరైన పిల్లలకు వాటిలో ఒకటైన అమినోప్టెరిన్ ఇచ్చారు. జబ్బు కొన్నాళ్ళు వెనక్కి తగ్గింది. ఫార్బర్ ఆ ఫలితాలను 1948లో ప్రకటించారు. అప్పటికి అది పూర్తి నివారణ కాదు, కానీ మందుతో రక్త క్యాన్సర్‌ను లొంగదీయవచ్చన్న ఆశ అక్కడే పుట్టింది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కూ, కీళ్ళవాతానికీ నేటికీ వాడుతున్నారు.

మూడోది మనకు బాగా దగ్గరిది, బోదకాలు మందు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో బోదకాలు కొత్త మాట కాదు. ఆ జబ్బు పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి ఎక్కువగా వస్తాయి కాబట్టి రక్తపరీక్ష కూడా రాత్రిపూటే చేస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు ఈ జబ్బు సోకడంతో మందు కోసం వెతుకులాట పెరిగింది. 1947లో లెడర్లీ బృందం డి.ఇ.సి. అనే మందును తెచ్చింది. వాచిపోయిన కాలును అది మామూలుగా చేయలేదు కానీ రక్తంలోని పురుగు పిల్లలను చంపి, జబ్బు మరొకరికి పాకకుండా ఆపుతుంది. 2004 నుంచి మన దేశంలో ఏటా సామూహికంగా పంచింది ఈ మాత్రనే.

నాలుగోది ఆరియోమైసిన్. విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన బెంజమిన్ డుగ్గర్ గారిని, డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో, సుబ్బారావు గారు పనిలోకి తీసుకున్నారు. డుగ్గర్ గారు మట్టి నమూనాలు పరీక్షించి, బంగారు రంగులో పెరిగే ఒక సూక్ష్మజీవి నుంచి ఈ మందు తీశారు. 1948లో ప్రకటించిన ఈ మందు టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. పెనిసిలిన్‌కు లొంగని ఎన్నో క్రిములు దీనికి లొంగాయి. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం చేతికి వచ్చింది ఈ కుటుంబపు మందే.

మాసిపోని పేరు

1948 ఆగస్టులో నిద్రలోనే సుబ్బారావు గారి గుండె ఆగింది. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. అమెరికా పౌరసత్వం పొందకుండానే వెళ్ళిపోయారు. నోబెల్ రాలేదు. చాలా పరిశోధన పత్రాల మీద తన పేరు కూడా పెట్టుకోలేదు, పనిచేసిన వారి పేర్లే ఉండనిచ్చారు. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బారోమైసిస్ అని 1953లో పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది.

మిత్రులారా! విశ్వవిద్యాలయ అధ్యాపకుడు అంటే పాఠం చెప్పి జీతం తీసుకునే వాడని మాత్రమే మనం అనుకుంటాం. అధ్యాపకుడికి ఇంకో సగం ఉంటుంది. అది పరిశోధన. మనకు దగ్గర్లోనే కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జే.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల ఉంది. జగిత్యాల పొలాసలో వ్యవసాయ కళాశాల, పరిశోధన కేంద్రం ఉన్నాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడ వరి గురించి, పశువుల జబ్బుల గురించి, యంత్రాల గురించి పనిచేసే అధ్యాపకులు ఉన్నారు. అక్కడ సీటు వచ్చిన మన వాళ్ళకు మా సలహా ఒక్కటే. పాఠం అయిపోగానే బయటికి రాకండి. సార్, మేడమ్, మీరు ఏ విషయం మీద పరిశోధన చేస్తున్నారని అడగండి. ప్రయోగశాలలో సీసాలు కడిగే పని ఇచ్చినా సరే, చేరిపోండి. బీడీ కార్మికుల ఊపిరితిత్తులు, సాంచెల చప్పుడుకు మందగించే చెవులు, మన బావుల నీళ్ళు, వీటి మీద మన ఇళ్ళలో పుట్టిన వాళ్ళ కంటే బాగా ప్రశ్న వేయగలిగిన వారెవరు?

సుబ్బారావు గారు తన ఇంట్లో చావును చూసి ఒక ప్రశ్న పట్టుకున్నారు. దాన్ని పాతికేళ్ళు వదల్లేదు. మన ఇళ్ళలోనూ అలాంటి ప్రశ్నలు ఉన్నాయి. ఈ ఏడు పరీక్షలు రాస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్న పట్టుకోవాలని, పరీక్ష తప్పినా ప్రశ్నను వదలకూడదని కోరుకుంటూ, అందరికీ మా వార్షికోత్సవ శుభాకాంక్షలు.